వై లైఫ్ సర్టిఫికెట్

డాక్టర్ హైమావతి రాసినవాటిలో మొదటిసారిగా ప్రభుత్వానికి అర్థమైన వాక్యం ఒక్కటే ఉంది. ఆవిడ కష్టాలన్నీ ఆ వాక్యంతోనే మొదలయ్యాయి.

ఆవిడ విశాఖపట్నంలో రాష్ట్ర వంశలక్షణ పరిశోధన కేంద్రంలో ముప్ఫై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆడా మగా తేడాని నిర్ణయించే క్రోమోజోములు రెండు, ఎక్స్, వై అని బడి పుస్తకంలోనే ఉంటుంది. ఆ రెండింటిలో చిన్నదైన వై మీద హైమావతికి గురి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన "ఆడకూతురివి, నీకెందుకమ్మా మగాళ్ళ సొద?" అని అడిగితే, "వాళ్ళ దగ్గరున్నదాన్ని వాళ్ళు సరిగ్గా చూసుకోవడం లేదండీ" అని జవాబిచ్చింది. ఆయన నవ్వాడు గానీ ఆవిడ అన్నది నిజమే. వయసు పైబడిన మగవాళ్ళలో చాలామందికి రక్తకణాల్లోంచి వై జారిపోతూ ఉంటుంది. నొప్పి ఉండదు, మీసం ఊడదు, ఇంట్లో వాళ్ళకీ తెలియదు. కాకపోతే అలా పోగొట్టుకున్నవాళ్ళ గుండె మిగతావాళ్ళకంటే ముందు అలసిపోతుందా? హైమావతి తేల్చుకోవాలనుకున్నది అది.

తేల్చాలంటే అవే మనుషుల్ని ఏళ్ళ తరబడి వెంబడించాలి. పద్దెనిమిదేళ్ళ క్రితం అనకాపల్లి బెల్లం మార్కెట్లో నాలుగువందల పన్నెండు మంది హమాలీలను ఒప్పించి రక్తం తీసింది. మూడేళ్ళకొకసారి వెళ్ళి మళ్ళీ తీసింది. ఆరు విడతలయ్యాయి. ఏడోది ఆఖరిది. అది జరగకపోతే ముందటి ఆరూ ఫ్రీజరులో ఉత్త నెత్తురే. హమాలీల్లో నూట అరవై మూడు మందే మిగిలారు, ఆవిడ రిటైర్మెంటుకి పదకొండు నెలలే మిగిలాయి. కావలసింది సచివాలయం నుంచి ఒక్క సంతకం.

ఇదివరకు ఆరుసార్లూ ఆ సంతకం వారంలో వచ్చింది, ఎందుకంటే ఆవిడ రాసింది అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈసారి కొత్త నిబంధన వచ్చింది. ప్రతి దరఖాస్తుకూ సామాన్యుడికి అర్థమయ్యే సారాంశం జతచేయాలట. హైమావతి చాదస్తంగా నిజంగానే అర్థమయ్యేలా రాసింది: "వయసు పెరిగేకొద్దీ మగవాళ్ళు తమ వై క్రోమోజోమును కొంతమేర పోగొట్టుకుంటారు."

ప్రిన్సిపల్ సెక్రటరీ విరూపాక్షరావు గారికి యాభై ఎనిమిదేళ్ళు. ఆయన ఆ వాక్యం చదివి, ఫ్యాను వేగం తగ్గించి, మళ్ళీ చదివాడు. మర్నాడే పిలుపొచ్చింది. కేంద్రం పరిపాలనాధికారి అచ్యుతాన్ని తోడు తీసుకుని హైమావతి సచివాలయానికి వెళ్ళింది.

"ఎక్కడికి పోతుంది?" అన్నాడు విరూపాక్షరావు, కూర్చోమనకముందే.

"ఎక్కడికీ పోదండి. కణం రెండుగా చీలేటప్పుడు జారిపోతుంది. ఆ తర్వాత ఉండదు."

"ఉండకపోవడమంటే ఏమిటండీ? ఉద్యోగి ప్రభుత్వ సేవలో ఉన్న కాలంలో, ప్రభుత్వ పనివేళల్లో, అతని ఒంట్లోంచి ఒక వస్తువు మాయమైతే, లేదని ఊరుకుంటామా?"

అచ్యుతం నోట్సులో "ఆచూకీ తెలియదు" అని రాసుకున్నాడు.

"సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో లింగం దగ్గర 'పు' అని రాస్తాం. ఎప్పుడు రాస్తాం?"

"చేరిన రోజునండి," అన్నాడు అచ్యుతం.

"ఆ తర్వాత ఎవరైనా సరిచూశారా?"

స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి ఎవరూ సరిచూడలేదన్న సంగతి అప్పుడే అందరికీ ఒక్కసారిగా తట్టింది.

"పెన్షనరు ఎదురుగా వచ్చి నిలబడి నమస్కారం పెట్టినా, బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ తెస్తేగానీ మనం నమ్మం. ఏటేటా తెస్తున్నారు, ఏటేటా నమ్ముతున్నాం. మరి ముప్ఫై ఏళ్ళ క్రితం ఎవరో గుమస్తా రాసిన ఒక్క అక్షరాన్ని పట్టుకుని వీళ్ళందర్నీ మగవాళ్ళని ఎలా నమ్ముతున్నామండీ?"

"వై తగ్గితే మగవాడు కాకుండా పోడండి. ఇది రక్తకణాల సంగతి. నేనడిగింది అనకాపల్లిలో..."

"అది మీ శాస్త్రీయ అభిప్రాయం. ప్రభుత్వ అభిప్రాయం పరిశీలనలో ఉంది," అన్నాడు విరూపాక్షరావు. హైమావతి ఫైలు ఆయన బల్లమీదే ఉండిపోయింది.

పదిహేను రోజుల్లో ఉత్తర్వులొచ్చాయి. యాభై ఏళ్ళు దాటిన ప్రతి పురుష ఉద్యోగీ ఏటా నవంబరులోగా "వై లైఫ్ సర్టిఫికెట్" దాఖలు చేయవలెను. మిగిలివున్న వై శాతమును సర్వీసు రిజిస్టరులో 'పు' పక్కన కుండలీకరణములలో నమోదు చేయవలెను. సర్టిఫికెట్లు జారీ చేయుటకు రాష్ట్రంలో అర్హతగల యంత్రము ఒక్కటే ఉన్నందున, దానిని సదరు డాక్టర్ హైమావతి వెంటనే ఇతర పనులనుంచి తప్పించవలెను.

ఆ ఇతర పని హైమావతి పద్దెనిమిదేళ్ళ పని.

రెండో వారానికి కేంద్రం గేటు దగ్గర టీ బండి, జిరాక్సు షాపు, ఫారాలు నింపిపెట్టే ఇద్దరు రిటైర్డు గుమస్తాలు వెలిశారు. మగ ఉద్యోగులు చొక్కా చేతులు మడుచుకుని వరసకట్టారు. అచ్యుతానికి తొంభై ఒకటి వచ్చింది. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించాడు. యాభై ఏడు వచ్చిన ఒక తహసీల్దారు హైమావతి గది తలుపు దగ్గరికి వేసి, "అరవై చెయ్యండమ్మా. రౌండు ఫిగరు. మా వియ్యాలవారు చదువుకున్నవాళ్ళు," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మీకేం కాలేదు, మీరు నిన్న ఎంత మగవారో ఇవాళా అంతే అని ఆవిడ చెబితే, "ఆ మాట మీ లెటర్‌హెడ్డు మీద ఇవ్వగలరా?" అన్నాడు.

శాతాలొచ్చాక వాటిని అమలు చేయకుండా ఎవరూ ఊరుకోలేరు కదా. బస్సుల విషయంలో స్పష్టీకరణ వచ్చింది. పు (67)గా నమోదైన ఉద్యోగి ప్రయాణంలో మూడో వంతు మేరకు స్త్రీలకు కేటాయించిన సీట్లలో కూర్చొనవచ్చును. గాజువాకలో ఎక్కినవాళ్ళని కండక్టరు షీలానగర్ రాగానే "అరవై ఏడులు లెగండి" అని లేపేవాడు. సూదంటే భయమున్న ఒక డిప్యూటీ డైరెక్టరు తన బదులు భార్య రక్తం పంపించాడు. పు (0) అని వచ్చింది. "ఆవిడదైతేనేం, నాదైతేనేం, ఒకే ఇల్లు" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు గానీ, యంత్రం ఇచ్చిన అంకెను మార్చే అధికారం ఎవరికీ లేనందువల్ల ఆయన్ని మహిళా వసతిగృహానికి వార్డెనుగా వేశారు. అక్కడ బాగానే పనిచేస్తున్నాడని వినికిడి.

హైమావతి నెలకో లేఖ రాస్తూనే ఉంది. జవాబు ఒకసారే వచ్చింది. హమాలీలు ప్రభుత్వోద్యోగులు కానందున వారి వై ఉన్నదో లేదో ప్రభుత్వమునకు నిమిత్తము లేదు. అయినను ఫైలు పరిశీలనలో ఉన్నది.

ఒక ఆదివారం ఆవిడ ఉండబట్టలేక అనకాపల్లి వెళ్ళింది. సింహాచలానికి డెబ్భై ఆరేళ్ళు. మొదటి విడతలో ముందుగా చెయ్యి చాపింది అతనే. "సింహాచలంగారూ" అని ఆవిడ పిలిస్తే, "బస్తాలు మోసీవోణ్ణి, నాకు గారేటమ్మా" అని పద్దెనిమిదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు.

"ఏటమ్మా, ఈపాలి సూది తేలేదేటి?"

"సంతకం కాలేదు సింహాచలంగారూ."

"మా రగతానికి ఎవులిదో సంతకమేటి?" అన్నాడు. "మా నూకరాజు ఎల్లిపోనాడమ్మా, మొన్న మంగలారం. పైడయ్యా, ఇంకిద్దరూ ఎల్లిపోనారు. ఆకర్ని మా రగతం ఏటి సెప్పిందో సెప్తానన్నావు కదా, ఆ మాటే అడిగీవోడు నూకరాజు. బేగి రామ్మా. మాకు ఆగాలనే ఉంది గానీ."

తిరుగు బస్సులో హైమావతి ఏడ్చింది. పక్కన కూర్చున్నావిడ ఏమైందని అడిగితే సంతకం గురించి అని ఏం చెబుతుంది? కంట్లో ఏదో పడిందని చెప్పింది.

డిసెంబరులో విరూపాక్షరావు గారి రక్తం సీలు వేసిన పెట్టెలో, గన్‌మన్ వెంట వచ్చింది. అరవై ఒకటి. హైమావతి ఆ కాగితం తనే పట్టుకెళ్ళి చేతికిచ్చింది. ఆయన గదిలో వాళ్ళందర్నీ బయటికి పంపేసి చాలాసేపు దాన్ని చూశాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోంది ఈ మధ్య," అన్నాడు చివరికి. గొంతు ఆఫీసు గొంతు కాదు. "ఇలా పోయినవాళ్ళకి ఏమవుతుందమ్మా?"

ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ప్రభుత్వం తనని అడిగిన మొదటి ప్రశ్న అదేనని హైమావతికి అనిపించింది. ఆయన మీద జాలి కూడా వేసింది. "గట్టిగా చెప్పలేనండి. రేపే గుండె డాక్టరుకి చూపించుకోండి. మిగతాది తేల్చడానికే నేను ఏడో విడత అడుగుతున్నది. అనకాపల్లిలో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. మీరు సంతకం పెడితే మూడు నెలల్లో మీకూ చెబుతాను, వాళ్ళకీ చెబుతాను."

విరూపాక్షరావు ఫైలు దగ్గరికి లాక్కున్నాడు, కలం మూత తీశాడు. అంతలో ఫోను మోగింది. ఎవరో పైవారు. "సర్... సర్... తప్పకుండా సర్," అంటున్నకొద్దీ ఆయన వీపు నిటారైంది. ఫోను పెట్టేసేసరికి మళ్ళీ ప్రిన్సిపల్ సెక్రటరీ అయిపోయాడు. పైవారికి యాభై రెండు వచ్చిందట.

వారంలో సవరణ ఉత్తర్వులొచ్చాయి. పై విషయమును కూలంకషముగా పరిశీలించిన మీదట, ఉద్యోగి శరీరమునందు కనబడని వై పోయినట్లు కాక, డెప్యుటేషన్‌పై వెళ్ళినట్లు భావించవలెనని నిర్ణయించడమైనది. అది ఏనాటికైనా మాతృసంస్థకు తిరిగి వచ్చును. వచ్చినప్పుడు ఉద్యోగిని వెతుక్కొనవలసిన పరిస్థితి తలెత్తకుండా, వై సగమునకు తగ్గిన ఉద్యోగులను వయసుతో నిమిత్తము లేకుండా ఉన్నచోటినుంచి బదిలీ చేయరాదు. ఈ ఉత్తర్వులతో సందేహములన్నియు తీరినందున అనకాపల్లి పరిశోధన అవసరము లేదు.

బదిలీ చేయరాదు! ఆ ఒక్క మాటతో రాష్ట్రంలో గాలి తిరిగిపోయింది. నిన్నటిదాకా శాతం పెంచమని ఏడ్చినవాళ్ళు తగ్గించమని ఏడవసాగారు. అచ్యుతం ఫ్రేము దించేశాడు. వయసుతో నిమిత్తము లేదన్నారు కాబట్టి మీసాలు సరిగ్గా రాని సెక్షన్ ఆఫీసర్లు కూడా రక్తం సీసాలు పంపించారు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడొకడికి నలభై నాలుగు వచ్చింది.

హైమావతి మళ్ళీ పరీక్షించింది. నలభై నాలుగే. ఇరవై ఆరేళ్ళవాడికి అలా రావడం జరిగే పని కాదు. ప్రతి మనిషి రక్తంలోనూ ఆ మనిషివే అయిన గుర్తులుంటాయి. అనుమానం వచ్చి వాటిని ఫ్రీజరులో ఉన్న పాత రక్తాలతో పోల్చి చూసింది. అది సింహాచలం రక్తం.

రెండు వారాల్లో అందరివీ వచ్చాయి. బతికున్న నూట యాభై ఒక్క మంది హమాలీల రక్తం, నూట యాభై ఒక్క మంది అధికారుల పేర్లతో. యంత్రం అంకె ఇవ్వగానే ఆఫీసు ముద్ర పడి సర్టిఫికెట్లు వెళ్ళిపోతూనే ఉన్నాయి. ఆవిడ అనుమతి ఫైలుకి, వై తగ్గే వయసుకొచ్చిన ఆ హమాలీల పేర్లు, చిరునామాలు జతచేసి ఉన్నాయి. ఫైలు కదల్లేదు గానీ జాబితా కదిలింది. పేర్లు మార్చి రాసుకుంటే ఏడో విడత పూర్తయినట్టే. రాక్‌లో వరసగా నిలబెట్టి ఉంది. ఒకటిన్నర రోజు హైమావతి ఎవరికీ చెప్పకుండా ఆ గొట్టాలకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత బస్సెక్కింది.

"నువ్వే పంపినావన్నాడమ్మా సూది తెచ్చిన బాబు," అన్నాడు సింహాచలం. "ఏడోపాలి ఇదేనన్నాడు. నీ పేరు సెప్పినాడని సెయ్యి సాపినాం. నువ్వు రానేదేటని నానడిగితే, పెద్దావిడైపోనాది కదా అన్నాడు."

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలల్లో ఎన్ని లేఖలకి జవాబు రాకపోయినా రాని కోపం వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. సింహాచలం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే నా రగతం ఎవులి పేరు మీదున్నాదమ్మా?"

"ఒక ఆఫీసరు పేరు మీద."

"మంచోడేనా?"

ఆ రాత్రే ప్రభుత్వానికి లేఖ రాసింది. మళ్ళీ అందరికీ అర్థమయ్యేలా, ఒకే వాక్యం. "ఈ నూట యాభై ఒక్క మంది అధికారుల పేర్లతో వచ్చిన రక్తం అనకాపల్లి హమాలీలదని పరీక్షలో రుజువైంది." ఆ గొట్టాలను తన పరిశోధనలో కలపలేదు. పక్కన పెట్టి సీలు వేసింది.

"ఇది పంపితే మీ పెన్షను కాగితాలు కదలవు మేడమ్," అన్నాడు అచ్యుతం, మంచికోరే.

"కదలకపోతే మానె. మీరు టపాలో వెయ్యండి."

పన్నెండు రోజుల్లో జవాబు వచ్చింది. అంత తొందరగా ఏ జవాబూ ఎప్పుడూ రాలేదు. అచ్యుతం పైకి చదివాడు.

"డాక్టర్ హైమావతి లేఖలోని అంశములను ప్రభుత్వము తీవ్రముగా పరిగణించినది. సదరు అధికారుల రక్తమును, అనకాపల్లి వాస్తవ్యులైన నూట యాభై ఒక్క మంది ప్రైవేటు వ్యక్తుల రక్తమును ఒక్కటేనని శాస్త్రీయముగా రుజువైనది. అది అధికారులదని ప్రభుత్వ ముద్రతో సర్టిఫికెట్లు జారీ అయి ఉన్నందున ఆ విషయములో సందేహమునకు తావు లేదు. కావున, అధికారుల రక్తమును సదరు వ్యక్తులు అనుమతి లేకుండా తమ శరీరములందు ఉంచుకొన్నట్లు స్పష్టమగుచున్నది. ఏడు రోజులలో సంజాయిషీ కోరవలెను. ఒక్కొక్కరి నుంచి ఐదు మిల్లీలీటర్ల చొప్పున రక్తమును నిపుణురాలైన డాక్టర్ హైమావతి స్వయముగా స్వాధీనపరచుకొని, గత ఆరు విడతల నమూనాలతో పోల్చి నివేదిక సమర్పించవలెను. ఇందుకు కావలసిన సమస్త అనుమతులు ఇందుమూలముగా మంజూరు చేయడమైనది."

కింద విరూపాక్షరావు సంతకం ఉంది.

హైమావతి కాగితం లాక్కుని తనే చదువుకుంది. ఊరు ఉంది. మనుషులున్నారు. ఎంత తీయాలో ఉంది. తన పేరుంది. సంతకం ఉంది. పదకొండు నెలలుగా అడిగింది ఇదే కదా! ముందు నవ్వొచ్చింది. తర్వాత అచ్యుతం మంచినీళ్ళు తేవలసినంతగా నవ్వింది.

మార్చి ఇరవై తొమ్మిదిన బెల్లం మార్కెట్ రేకుల షెడ్డులో బల్లలు వేశారు. సాక్షిగా అచ్యుతం వచ్చాడు. హైమావతి నోటీసు పొడుగునా చదివి వినిపించింది. ఆ తర్వాత దాన్ని మడిచి పక్కనపెట్టి, తనకి రక్తం నిజంగా ఎందుకు కావాలో చెప్పింది. నోటీసుకి భయపడి ఎవరూ ఇవ్వక్కర్లేదనీ, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చనీ, ఏమైనా అయితే తనకే అవుతుందనీ చెప్పింది. ఎవరూ లేవలేదు.

"మా రగతం ఆల్లదంటన్నారా?" అన్నాడు సింహాచలం.

"అలాగే రాశారు."

"మరి ఆల్లదైతే, మేం బస్తాలు మోసినప్పుడు యే బరువూ ఆల్లకి తగల్లేదేటమ్మా?"

సింహాచలం చొక్కా మడిచి చెయ్యి చాపాడు. "గుచ్చమ్మా. పొద్దున్నుంచి ఏటీ తిననేదు. నువ్వు సెప్పినట్టే."

మధ్యాహ్నానికి నూట నలభై ఆరు మందివి అయ్యాయి. అచ్యుతం జాబితాలో మిగిలిన పేర్లు గట్టిగా పిలిచాడు. పిలిచిన ప్రతి పేరుకీ షెడ్డులోంచి "ఎల్లిపోనాడు" అని వినిపించింది. అలా ఐదుసార్లు. నోటీసు బయల్దేరి ఇక్కడికి చేరేలోపు పోయినవాళ్ళు. అచ్యుతం ఐదు పేర్ల ఎదురుగా "గైర్హాజరు" అని రాశాడు.

హైమావతి అతని చేతిలోంచి కలం తీసుకుని ఆ ఐదూ కొట్టేసి, "మరణించారు" అని రాసింది. కలం తిరిగి ఇవ్వలేదు. కిందనున్న ఖాళీలో పూడి నూకరాజు అని రాసింది. సీరపు పైడయ్య అని రాసింది. ఖాళీ అయిపోతే మార్జిన్లోకి తిప్పి, ఫైలు బల్లమీద పడివున్న నెలల్లో పోయినవాళ్ళ పేర్లు పన్నెండూ రాసింది. ఏ కాగితమూ చూడలేదు.

"మేడమ్," అన్నాడు అచ్యుతం మెల్లగా. "వీళ్ళ పేర్లు జాబితాలో లేవండీ."

"ఉండేవి," అంది హైమావతి.